పేరులో పదును

హైదరాబాదు నుండి నిజామాబాదు జిల్లా మీదుగా ఉత్తరానికి సాగిపోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఇందల్వాయి ఒక మజిలీ. 2016లో తెలంగాణలో జిల్లాలను, మండలాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు ఈ గ్రామం మండల కేంద్రమయింది. ఇక్కడి నుండి రహదారి వెంట ఇంకా ఉత్తరానికి వెళితే ఆర్మూరు వస్తుంది. ఆ ప్రాంతం పసుపు పంటకు పెట్టింది పేరు. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పట్టిన పసుపు ఏటా చలికాలం చివరి నుండి వేసవి వరకు బస్తాలకెక్కి నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేరుతుంది. అక్కడ కొమ్ములను వేరుగా, గుండ్రటి తల్లిదుంపలను వేరుగా రాశులు పోస్తారు. వేలం ముగిశాక ఆ సరకు ఎన్నో రాష్ట్రాలకు తరలిపోతుంది.

ఇటువంటి రహదారి మీద వేగంగా పోయే ప్రయాణికుడి చూపు ఒక దుకాణం బోర్డు మీద నిలిచేది రెండు మూడు క్షణాలు మాత్రమే. ఆ స్వల్ప వ్యవధిలో అతని మనసుకు అందేది పేరొక్కటే. తెలుగునాట దుకాణాలకు దేవుని పేరో, తల్లిదండ్రుల పేరో, పిల్లల పేరో పెట్టడం చిరకాలంగా వస్తున్న ఆచారం. అందులో భక్తి ఉంది, కృతజ్ఞత ఉంది, వాత్సల్యం ఉంది. అయితే ఒకే వీధిలో నాలుగు శ్రీ వేంకటేశ్వరాలు, మూడు శ్రీ సాయిలు ఉన్నప్పుడు ఆ పేరు కొనేవాడికి ఏ గుర్తునూ ఇవ్వలేదు. చివరకు అతడు 'మర్రిచెట్టు కింది కొట్టు' అనో, 'బట్టతలాయన దుకాణం' అనో తనకు తోచిన పేరు పెట్టుకుంటాడు. యజమాని పెట్టిన పేరు బోర్డు మీదనే ఉండిపోతుంది. జనం పెట్టిన పేరు వాడుకలో నిలుస్తుంది.

తెలుగు నుడికారంలో పేరు అనేది కేవలం పిలుపు కాదు. దానిని తెచ్చుకోవచ్చు, నిలబెట్టుకోవచ్చు, పోగొట్టుకోవచ్చు. గొప్పవాడిని పేరుమోసినవాడంటారు. పని చేతకాని అధికారిని పేరుకే అధికారి అంటారు. అంటే పేరుకూ దాని వెనుక ఉన్న సరుకుకూ పొత్తు కుదరకపోతే ఆ పేరే ఎత్తిపొడుపుగా మారుతుందన్నమాట. వ్యాపారంలో దీనినే బ్రాండు అంటున్నారు. ఇటీవలి కాలంలో ఈ బ్రాండు పేర్లు సాత్వికమైన దారి విడిచి, వినగానే ఉలిక్కిపడేటట్లు, కొంత దురుసుగా, కొంత తుంటరిగా ఉండడం ఒక ధోరణిగా ప్రబలింది. తిట్టును పేరుగా పెట్టడం, అశుభమైన మాటను బోర్డుకెక్కించడం, నలుగురిలో అనకూడని దానిని అనడం ఈ ధోరణి లక్షణాలు. ఇది పడమటి దేశాల నుండి దిగుమతి అయిన కొత్త విద్య అని చాలామంది భావిస్తారు. అది పూర్తిగా నిజం కాదు.

తెలంగాణ పల్లెలలో పాతతరం వారి పేర్లను ఒకసారి గమనించాలి. పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, తవిటయ్య, బిచ్చయ్య, బిక్షపతి. పుట్టిన బిడ్డలు పురిటిలోనే దక్కకుండా పోతున్న ఇంట్లో, మళ్లీ ఒక బిడ్డ పుడితే ఆ పసికందును పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అనేవారు. ఎంగిలి విస్తళ్లలో పొర్లించి పుల్లయ్య అనేవారు. ఒకరికి ఇచ్చినట్లు ఇచ్చి, గుప్పెడు తవుడు చెల్లించి తిరిగి కొనుక్కొని తవిటయ్య అని పిలిచేవారు. అంత హీనమైన పేరు గల బిడ్డ మీద మృత్యువు కన్ను పడదని వారి విశ్వాసం. వినడానికి ఏవగింపు కలిగించే ఈ పేర్ల వెనుక ఉన్నది బిడ్డ బతకాలన్న తల్లి ఆరాటం. ఊరిలో ఎవరూ పెంటయ్యను చూసి నవ్వరు. ఆ పేరు వినగానే ఆ ఇంటి వెనుకటి కథ తెలిసిపోతుంది. పరుషమైన పేరు ఎందుకు నిలుస్తుందో, ఎప్పుడు గౌరవం పొందుతుందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన ఉదాహరణ అరుదు. పేరు కటువుగా ఉన్నా, దానికొక కారణం ఉంది. ఆ కారణం పెట్టినవాడి సొంత అనుభవం.

వ్యాపారంలోకి వస్తే, తెలుగువారు పెట్టిన సాహసవంతమైన పేర్లలో తొలుత చెప్పవలసినది అమృతాంజనం. కృష్ణా జిల్లాకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో తలనొప్పికి ఒక లేపనం తయారుచేసి దానికి ఆ పేరు పెట్టారు. అమృతము, అంజనము అనే రెండు మాటలు కలిసి సవర్ణదీర్ఘసంధితో అయిన పేరది. అమృతం దేవతల పానీయం. అంజనం అంటే కాటుక, పూత. చిన్న సీసాలోని పచ్చటి నొప్పి మందును సాక్షాత్తు అమృతమనడం సాహసం కాక మరేమిటి? సంగీత సభలలో శ్రోతలకు దానిని ఉచితంగా పంచిపెట్టేవారని చెబుతారు. నుదుట రాసుకున్నవారికి ఉపశమనం కలగకపోయి ఉంటే ఆ పేరు మరునాటికే పరిహాసాస్పదమయ్యేది. అలా కాలేదు. ఆ వ్యాపారం మీద వచ్చిన ధనంతోనే పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను ప్రారంభించగలిగారు. నూట ముప్పయి ఏళ్లు దాటినా ఆ పేరు ఇంకా మందుల దుకాణాలలో వినిపిస్తూనే ఉంది.

అమృతాంజనం ఆకాశానికెగిరిన పేరయితే, దానికి విరుద్ధంగా నేల మీద నడిచి సంచలనం సృష్టించిన పేరు మరొకటి ఉంది. తెలుగు పత్రికలకు చాలాకాలం పాటు ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వంటి గంభీరమైన సమాసాలు పేర్లుగా ఉండేవి. 1974 ఆగస్టు 10న విశాఖపట్నం నుండి వెలువడిన దినపత్రిక ఈనాడు అనే వాడుక మాటను పేరుగా స్వీకరించింది. అందులో సంస్కృతం లేదు, ప్రాంతం లేదు, వెలుగూ ప్రభా లేవు. నలుగురూ గొంతెత్తి మాట్లాడే సభలో ఒకడు మామూలు గొంతుతో మాట్లాడితే అందరూ అతని వైపు తిరిగినట్లుగా ఆ పేరు పనిచేసింది. ఆ తరువాత వచ్చిన ఉదయం, వార్త, సాక్షి వంటి పేర్లన్నీ పొట్టి మాటలే కావడం గమనార్హం. కాబట్టి సాహసమంటే తిట్టు మాత్రమే కాదు. చుట్టూ ఉన్నవారు ఏం చేస్తున్నారో చూసి, దానికి భిన్నంగా నిలబడడమే అందులోని అసలు కిటుకు. అందరూ తిట్లనే పేర్లుగా పెట్టుకున్న వీధిలో రామయ్య కాఫీ హోటలే విశేషమవుతుంది.

సాహిత్యంలో ఇదే పని మరింత తీవ్రంగా జరిగింది. 1965లో హైదరాబాదులో ఆరుగురు యువకవులు తమను తాము దిగంబర కవులని ప్రకటించుకున్నారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనేవి వారు స్వయంగా ఎంచుకున్న పేర్లు. ఇంటిపేరునూ, కులాన్నీ సూచించే ఆనవాళ్లను వదిలించుకోవడం వారి ఉద్దేశం. వారి తొలి సంపుటిని అర్ధరాత్రి వేళ ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. పండితులు ముక్కు మీద వేలు వేసుకున్నారు, కొందరు ఈసడించారు. 1966లోను, 1968లోను మరి రెండు సంపుటాలు వచ్చాయి. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు వారిలో నలుగురు అందులో చేరారు. దిగంబరమన్న మాటతో వారు ఏమీ అమ్ముకోలేదు. అయినా ఒక పేరు ఎంతటి అలజడి రేపగలదో, ఆ అలజడికి తగిన పని వెనుక లేకపోతే అది ఎంత త్వరగా చల్లారిపోగలదో అర్థం చేసుకోవడానికి ఆ ఉదంతం తోడ్పడుతుంది.

సినిమా ప్రచారంలో ఈ మెలకువను బాగా వాడుకున్న వారిలో దర్శకుడు పూరి జగన్నాథ్ ఒకరు. 2002లో ఇడియట్, 2006లో పోకిరి అనే పేర్లతో ఆయన చిత్రాలు వచ్చాయి. రెండూ తిట్లే. కథానాయకుడిని ధీరుడనీ, సింహమనీ కీర్తించే శీర్షికల మధ్య ఆ పేర్లు జనం నోళ్లలో నానాయి. ఇక్కడ ఒక సూక్ష్మముంది. తెలుగు ఇళ్లలో 'పోకిరి వెధవా' అని అమ్మమ్మ మనుమడిని ముద్దుగానే మందలిస్తుంది. ఆ మాటలో కోపం కన్నా చనువు ఎక్కువ. ప్రేక్షకుడికి ఆ చనువు తెలుసు కనుకనే అది అవమానంగా తోచలేదు. అయితే తిట్టు పేర్ల పదును తొందరగా అరిగిపోతుంది. మొదటి చిత్రానికి వచ్చినంత విస్మయం పదవ చిత్రానికి రాదు. మిరపకాయ కొరికిన నాలుకకు తరువాతి కూర చప్పగా ఉన్నట్లే, అలవాటయిన పరుషత్వం పరుషత్వంగా ఉండదు. అప్పుడు మరింత ఘాటైన మాట కోసం వెదుకులాట మొదలవుతుంది. ఆ దారికి అంతు లేదు.

ఆశ్చర్యం కలిగించే పేరు మనసుకు ఎందుకు పడుతుంది? వినబోయే మాట ఏదో మనసు ముందే కొంత ఊహించి ఉంటుంది. ఆ ఊహ తప్పినప్పుడు అది ఆగి, ఎందుకిలా అని ప్రశ్నించుకుంటుంది. ఆ ఆగడమే జ్ఞాపకానికి పునాది. పేరు పలకడానికి సులువుగా ఉంటే దానిని ఇంకొకరికి చెప్పాలనిపిస్తుంది. చెప్పేటప్పుడు కొంచెం నవ్వో, కొంచెం బెరుకో కలిగితే ఆ చెప్పడం మరింత జోరుగా సాగుతుంది. కాని, ఎందుకిలా అన్న ప్రశ్నకు సమాధానం దొరకాలి. 2016లో ఇందోరులో మొదలై దేశమంతటా విస్తరించిన ఒక టీ దుకాణాల సంస్థ పేరు చాయ్ సుట్టా బార్. సుట్టా అంటే సిగరెట్టు, బార్ అంటే మద్యశాల. ఆ దుకాణాలలో మద్యం ఉండదు, పొగ తాగనివ్వరు. దొరికేది మట్టికప్పులో టీ. లేనిదానిని పేరులో పెట్టుకొని కుర్రకారును ఆకర్షించిన ఆ ఉపాయం వ్యాపారదృష్టితో చూస్తే గడుసైనదే. అయితే ఆ బోర్డు కింద నుండి బడికి పోయే పిల్లవాడికి సిగరెట్టు, చాయ్ జంటగా స్ఫురిస్తే ఆ స్ఫురణకు బాధ్యులెవరు? కేవలం చూపు తిప్పడానికే పెట్టిన పేరుకూ, పెంటయ్య వంటి పేరుకూ గల భేదం ఇక్కడే బయటపడుతుంది.

అంతకన్నా జటిలమైన సమస్య పేరు ఎవరిది అన్నది. 2019లో హరీష్ శంకర్ దర్శకత్వంలో వరుణ్ తేజ్ నటించిన ఒక చిత్రానికి వాల్మీకి అని పేరు పెట్టారు. అందులో ప్రధాన పాత్ర ఒక గూండా. బోయ సామాజిక వర్గం వారు వాల్మీకి మహర్షిని తమ కులపురుషుడిగా ఆరాధిస్తారు. ఆయన పేరు ఒక గూండా కథకు పెట్టడం తమను కించపరచడమేనని వారు ఆందోళన చేశారు. వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. చివరకు విడుదలకు ముందురోజు ఆ చిత్రం పేరును గద్దలకొండ గణేష్ అని మార్చారు. సెప్టెంబరు 20న అది కొత్త పేరుతోనే విడుదలయింది. నెలల తరబడి గోడల మీద, టీవీలలో ప్రచారమైన పేరు ఒక్క రాత్రిలో చెరిగిపోయింది. ఇంకొకరి గుండెలో ఉన్న పేరును ఇలా తీసుకోవడాన్ని సాహసమనలేము. పొరుగువాడి పొలంలో నుండి గడ్డి కోసుకురావడం వంటిదది.

దీనికి ఎదురుగా అమెరికాలో జరిగిన ఒక ఉదంతం చెప్పుకోదగ్గది. ఆసియా సంతతికి చెందిన కొందరు సంగీతకారులు తమ బృందానికి ది స్లాంట్స్ అని పేరు పెట్టుకున్నారు. ఆసియావాసుల కనుతీరును వెక్కిరిస్తూ తెల్లవారు వాడిన మాట అది. ఒక జాతిని కించపరిచే మాటను వ్యాపారచిహ్నంగా నమోదు చేయబోమని అక్కడి ప్రభుత్వ కార్యాలయం నిరాకరించింది. ఆ వెక్కిరింతను పడినవాళ్లం మేమే, దాని ముల్లు విరిచే హక్కు కూడా మాదే అని వారు వాదించారు. 2017లో అమెరికా సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. వాల్మీకి వివాదమూ ఇదీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. మొదటిదానిలో పేరు పెట్టినవారు వేరు, నొచ్చుకున్నవారు వేరు. రెండవదానిలో ఇద్దరూ ఒకరే. పెంటయ్య పేరులోని న్యాయం కూడా ఇదే.

ఒక్కొక్కప్పుడు పెట్టినవాడికి ఏ దురుసుతనమూ తెలియకుండానే కాలం ఒక పేరుకు పదును పెడుతుంది. దేశవిభజన వేళ కరాచీ నుండి తరలివచ్చిన సింధీ కుటుంబీకుడు ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో హైదరాబాదులో బేకరీ తెరిచి తాను విడిచివచ్చిన ఊరి పేరు పెట్టుకున్నారు. మొజంజాహీ మార్కెట్టు వద్ద ఆ కరాచీ బేకరీ బిస్కెట్లకు వచ్చిన కీర్తి అందరికీ తెలిసినదే. హైదరాబాదు వచ్చినవారు తిరిగిపోతూ ఆ డబ్బా కొనకుండా పోరు. కాని 2019లో పుల్వామా దాడి తరువాత బెంగళూరు శాఖలో కొందరి ఒత్తిడి వలన బోర్డు మీద కరాచీ అన్న మాటను గుడ్డతో కప్పవలసి వచ్చింది. 2025 మేలో, సరిహద్దు ఉద్రిక్తతల వేళ, శంషాబాద్ శాఖ మీద దాడి జరిగింది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న మనిషి జ్ఞాపకార్థం పెట్టుకున్న పేరు శత్రుదేశపు పేరుగా కనిపించింది. యజమానులు మాత్రం ఆ పేరు మార్చలేదు. డెబ్బయి ఏళ్లుగా ఆ పేరుతో తినిపించిన రుచే వారికి అండ.

ఇక చట్టం సంగతి. భారతదేశంలో వ్యాపారచిహ్నాల చట్టం 1999లో రూపొంది, 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చింది. ప్రజలలో ఏ వర్గం వారి మతభావాలనైనా గాయపరిచే పేరును, అశ్లీలమైన పేరును దాని కింద నమోదు చేయరు. అంతేకాదు, సరుకు రకాన్నో, నాణ్యతనో, అది పుట్టిన ఊరినో మాత్రమే తెలిపే మాటలను కూడా సాధారణంగా ఒక వ్యాపారి సొత్తుగా నమోదు చేయరు. స్వచ్ఛమైన పసుపు అన్న మాట మీద ఎవరికీ గుత్తాధిపత్యం ఉండదు. ఎవరి పసుపునైనా వారు అలా చెప్పుకోవచ్చు. రామాయణ్ అనే పేరును అగరుబత్తులకు తన సొంత చిహ్నంగా నమోదు చేసుకోవాలని ఒక వ్యాపారి కోరగా, పవిత్రగ్రంథం పేరు ఏ ఒక్కరి సొత్తూ కాజాలదని సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పింది. మరీ మామూలు మాట నమోదు కాదు, మరీ పరుషమైన మాటా నమోదు కాదు. ఆ రెంటికీ నడుమ ఉన్న చోటులోనే పేరు వెదుక్కోవాలి.

పసుపు రైతుకు ఈ చర్చ దూరపు ముచ్చట కాదు. సరుకుల వాయిదా వ్యాపారం జరిగే ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఒప్పందాలకు నిజామాబాదే ప్రధాన డెలివరీ కేంద్రం. అంటే ముంబైలో కంప్యూటరు తెర ముందు కూర్చున్న వ్యాపారికి ఈ ఊరి పేరు కంఠతా వచ్చు. కాని ఆ పసుపును కూరలో వేసుకునే గృహిణికి ఆ పేరు తెలియదు. నిజామాబాదు జిల్లా రైతులు ఎక్కువ ధర కోసం తమ పంటను మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా తీసుకుపోవడం ఏళ్ల తరబడి సాగుతున్నదే. సాంగ్లీ పసుపు 2018లో, తమిళనాడులోని ఈరోడ్ పసుపు 2019లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందాయి. ఒక ప్రాంతపు ఉత్పత్తిదారులందరికీ ఉమ్మడిగా ఆ ప్రాంతం పేరు మీద దక్కే హక్కు అది. తెలుగునేల మీద పోచంపల్లి ఇక్కత్, తిరుపతి లడ్డు, హైదరాబాదు హలీం, తాండూరు కందిపప్పు వంటివి ఆ గుర్తింపు తెచ్చుకున్నాయి.

రైతులు ఊరకే కూర్చోలేదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గం నుండి 185 మంది పోటీ చేశారు. వారిలో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలి, పంటకు గిట్టుబాటు ధర కావాలి అన్న డిమాండును దేశం దృష్టికి తేవడానికి వారు ఎంచుకున్న మార్గమది. ఒక్కొక్క బ్యాలెట్ యంత్రం మీద 16 పేర్లకే చోటుంటుంది. నోటాతో కలిపి 186 వరుసలు కావలసి రావడంతో ప్రతి పోలింగు కేంద్రంలో 12 యంత్రాలు బారుగా అమర్చవలసి వచ్చింది. ఎవరికీ తెలియని సాదాసీదా పేర్లు అన్ని ఒకేచోట నిలబడడం వలన దేశమంతా నిజామాబాదు వైపు చూసింది. ఆ పేర్లలో ఒక్కటీ తుంటరి పేరు కాదు. జాతీయ పసుపు బోర్డును కేంద్ర ప్రభుత్వం 2023 అక్టోబరులో ప్రకటించింది. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాదు ప్రధాన కేంద్రంగా అది ప్రారంభమయింది.

ఆర్మూరు మండలంలోనే మరొక పాఠం ఉంది. అంకాపూర్ అనే గ్రామం విత్తనోత్పత్తికీ, మక్కజొన్నకూ ముందునుండీ ప్రసిద్ధి. ఆ ఊరి దేశీకోడి కూర రుచి మరిగినవారు దూరాల నుండి వచ్చి కట్టించుకుపోతారు. ఇప్పుడు అంకాపూర్ కోడికూర అన్న బోర్డు హైదరాబాదు వీధులలోనూ కనిపిస్తుంది. చమత్కారం లేని, అర్థం కోసం వెదకనక్కరలేని ఒక ఊరి పేరు పట్నంలో కొత్తగా, కొంత మొరటుగా, ఆకలి పుట్టించేలా వినిపిస్తుంది. అయితే బోర్డు కనిపించిన చోటల్లా ఆ ఊరి మసాలా ఉంటుందన్న హామీ లేదు. ఊరు సంపాదించిన పేరును ఎవరైనా తగిలించుకోవచ్చు. రుచి చెడితే చెడ్డపేరు మాత్రం ఊరికే వస్తుంది.

ఇప్పుడు ఇందల్వాయి పరిసరాలలో ఒక యువకుడో, ఒక మహిళా సంఘమో ఇంటి పసుపును పొడి కొట్టించి పొట్లాలలో అమ్మదలచుకున్నారనుకుందాం. అంగట్లో ఇప్పటికే ఉన్న పొట్లాల మీద దేవతల బొమ్మలు, స్వచ్ఛమైన, శ్రేష్ఠమైన అన్న మాటలు నిండి ఉంటాయి. వాటి మధ్య కనబడాలంటే ఘాటైన పేరు కావాలని ఎవరో సలహా ఇస్తారు. ఆ సలహా వినేముందు పసుపు రంగు కథ గుర్తు తెచ్చుకోవాలి. నాసిరకం కొమ్ములు నిగనిగలాడాలని మెటానిల్ యెల్లో అనే రంగునూ, లెడ్ క్రోమేట్ అనే సీసపు రసాయనాన్నీ కలిపే దుర్మార్గం మన దేశంలో ఉంది. చట్టం దానిని నిషేధించింది. అలా రంగు పులిమిన కొమ్ము మంచి కొమ్ము కన్నా ఎక్కువ మెరుస్తుంది. చూసి కొనేవాడు మెరిసేదాన్నే ఎంచుకుంటాడు. పిల్లల ఒంట్లోకి సీసం చేరుతుంది. పొడి మీద వేసిన రంగుకూ, పొట్లం మీద వేసిన పేరుకూ పని ఒకటే. రెండూ చూపును లాగుతాయి. లోపలి సరుకు ఎటువంటిదో అవి చెప్పవు.

పసుపు పొట్లాన్ని వెనక్కు తిప్పి చూస్తే సన్నటి అక్షరాలలో పొట్లం కట్టిన సంస్థ చిరునామా, లైసెన్సు సంఖ్య, తయారైన తేదీ ఉంటాయి. దుంప పండిన ఊరి పేరు సాధారణంగా ఉండదు. ఏ ఊరి మట్టిలో, ఏ నెలలో తవ్వినది, ఎన్ని దినాలు ఎండినది అన్న వివరాలను ముందువైపు పెద్ద అక్షరాలతో వేసి, మిగిలిన అలంకారాలను వెనుకకు పంపిన పొట్లం ఆ అంగట్లో అన్నిటికన్నా వింతగా కనిపిస్తుంది. అటువంటి పేరు పెట్టడానికి తిట్టు కన్నా ఎక్కువ ధైర్యం కావాలి. సరుకు బాగోలేకపోతే కొన్నవాడు వెదుక్కుంటూ ఆ ఊరికే వస్తాడు.

ఇందల్వాయి అన్నది నాలుగక్షరాల పేరు. టోల్ ప్లాజా దాటిన ప్రతి లారీకీ ఫాస్టాగ్ ఖాతాలో సొమ్ము తగ్గినట్లు ఒక సందేశం వెళుతుంది. ఆ సందేశంతో పాటు ఈ పేరు దేశం నలుమూలలా ఉన్న లారీ యజమానుల ఫోన్లకు రాత్రింబవళ్లు చేరుతూనే ఉంది.